ముద్ద మీరు కలపకండి

పక్షవాతం వచ్చిన మనిషిని ఆసుపత్రికి తెచ్చేటప్పుడు ఇంటిల్లిపాదీ వస్తారు. డిశ్చార్జి రోజున ఇంట్లో చేయించాల్సినవన్నీ కాగితం మీద రాసిస్తాం, చేసి చూపిస్తాం, ఫిజియోథెరపీ మానొద్దని చెప్పి పంపుతాం. మళ్ళీ కనిపించేసరికి రెండు మూడు నెలలు దాటిపోతాయి. ఈలోగా పసరు పోయించి ఉంటారు, నలభై రోజుల పత్యం పట్టించి ఉంటారు, కొందరు పావురం రక్తం రాసి మర్దన కూడా చేయించి ఉంటారు. బీపీ మాత్రలు పసరుకు పడవని ఆపేసి ఉంటారు. పోయిన శక్తి ఎక్కువగా తిరిగొచ్చేది ఆ మొదటి మూడు నెలల్లోనే. వాటిని నీళ్ళపాలు చేసుకుని వస్తే నాకు కోపం ఆగదు.

పసరు పోసేవాడితోనైనా పోట్లాడగలను. ఇంట్లోవాళ్ళ ప్రేమతో ఎలా పోట్లాడను?

జగిత్యాల వైపు నుంచి వచ్చిన ఒక పెద్దమ్మ ఉంది. చిన్ననాటి నుంచి బీడీలు చుట్టి పిల్లల్ని పెంచిన మనిషి. మెదడు ఎడమవైపు రక్తనాళం పూడుకుపోయి కుడి చెయ్యి, కుడి కాలు చచ్చుబడ్డాయి. గడ్డ కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల్లోపు పడాలి, ఆమెకు ఆ వేళ దాటిపోయింది. మూడు నెలల తర్వాత తీసుకొచ్చినప్పుడు కాలు నడుస్తోంది. చెయ్యి మాత్రం ఒళ్ళో పడుకోబెట్టుకుని కూర్చుంది.

"ఈ చెయ్యి పోయింది సారూ, ఇగ రాదు," అన్నాడు కొడుకు.

నా వేళ్ళు పట్టుకోమన్నాను. గట్టిగానే పట్టుకుంది. బలం ఎప్పుడు తిరిగొచ్చిందో ఇంట్లో ఎవరికీ తెలియదు. కోడలు అన్నం కలిపి నోట్లో పెడుతోంది, మనవరాలు తల దువ్వుతోంది, ఇక ఆ చేతికి పనెక్కడిది?

దువ్వెన ఇచ్చి, "తల దువ్వుకో అమ్మా" అన్నాను. దువ్వెనను అటూ ఇటూ తిప్పింది, వెనక్కి తిప్పి చెంపకు ఆనించింది, మళ్ళీ ఒళ్ళో పెట్టేసింది. కళ్ళనిండా నీళ్ళు. "మతి కూడ తప్పింది సారూ" అన్నాడు కొడుకు. ఆ మాట ఆమె వింటోంది. నాకు చాలా బాధేసింది. ఆమెకు మతి తప్పలేదు. బలం ఉండి, మాట అర్థమై, చేతిలోది దువ్వెనే అని తెలిసి కూడా పని చేయలేకపోవడాన్ని అప్రాక్సియా అంటాం. జర్మన్ వైద్యుడు హ్యూగో లీప్‌మన్ 1900లోనే ఇలాంటి రోగిని శ్రద్ధగా పరీక్షించి వివరంగా రాశాడు.

కండకు బలం వచ్చినంత మాత్రాన పని వచ్చేయదు. చేస్తూ చేస్తూ పోతుంటే చిన్నమెదడు ప్రతి పొరపాటునూ గమనించి తర్వాతిసారికి సరిదిద్దుతుంది. పదే పదే చేసిన వరసను మెదడు లోతుల్లోని బేసల్ గాంగ్లియా అలవాటుగా స్థిరపరుస్తుంది. ఏ వస్తువును ఎలా పట్టాలి, ఎటు తిప్పాలి అన్న నేర్పు చాలామందిలో ఎడమ మెదడు మీద ఎక్కువగా ఆధారపడుతుంది. అక్కడ దెబ్బ తగిలితే డాక్టరు అడిగినప్పుడు రాని పని, అలవాటైన సామాను ముందుంటే ఒక్కోసారి దానంతటదే వచ్చేస్తుంది.

అందుకే మళ్ళీ వచ్చేటప్పుడు ఆమె బీడీలు చుట్టే చాట తెమ్మన్నాను. తడిపి కత్తిరించిన తునికాకు, తంబాకు, దారం అన్నీ తెచ్చారు. చాట ఒళ్ళోకి రాగానే వేళ్ళు కదిలాయి. ఆకు తీసి పరిచింది, తంబాకు సర్దింది, చుట్టడం మొదలుపెట్టింది. కొస మడిచే దగ్గర బొటనవేలు సహకరించక ఆకు విచ్చుకుంది. ఎవరూ చెప్పకుండానే ఇంకో ఆకు తీసుకుంది. కొడుకు నోట మాట లేదు. (పొగాకు ఆ ఇంట్లో ఉండటమే నాకిష్టం లేదు. సాధనకు తంబాకు బదులు ఊక పోయమన్నాను.)

వాడని చేతిని మెదడు పక్కన పెట్టేస్తుంది. అమెరికాలో ఎడ్వర్డ్ టాబ్ కోతుల్లో దీన్ని గమనించాడు. ఒక చేతి స్పర్శ నరాలు తెంచితే, కదిలించే శక్తి ఉన్నా కోతి ఆ చేతిని వాడటం మానేసింది. మంచి చేతిని కట్టేస్తే మళ్ళీ వాడింది. ఆ దారిలోనే 2006లో 222 మంది రోగులతో చేసిన అధ్యయనం ఫలితాలు వెలువడ్డాయి. మంచి చేతికి తొడుగు వేసి, రెండు వారాలు చచ్చుబడ్డ చేతితోనే పనులు చేయించారు. మామూలు చికిత్స పొందినవాళ్ళ కంటే వీళ్ళ చెయ్యి బాగా మెరుగుపడింది, ఏడాది తర్వాత కూడా ఆ మెరుగు నిలిచింది. మణికట్టు, వేళ్ళు కాస్తయినా కదిలేవాళ్ళకే ఈ పద్ధతి. ఆమెకు కదులుతున్నాయి.

మనవరాలిని ఎదురుగా కూర్చుని తానూ చుట్టమన్నాను. ఇటలీలోని పార్మాలో రిజోలాట్టి బృందం 1990ల్లో కోతి మెదడులో కొన్ని కణాలను గుర్తించింది. తాను గింజ తీసుకున్నప్పుడూ, ఇంకొకరు తీస్తుంటే చూసినప్పుడూ ఆ కణాలు స్పందిస్తాయి. మనుషుల్లో వాటి పాత్ర ఎంత అన్నది ఇంకా తేలలేదు, కానీ చూస్తూ చేయడం వల్ల నష్టమేమీ లేదు.

బీపీ మాత్రలు, రక్తం పలుచనయ్యే మాత్ర మళ్ళీ మొదలుపెట్టాను. చీటీలో వాటికంటే పైన, అన్నం ఆమే కలుపుకోవాలని రాశాను. కోడలు బయటికి వెళ్ళబోతూ ఆగింది.

"ముసలామెతోటి పని చేపిస్తున్నమని ఊరోళ్ళు అంటరు సారూ."

"డాక్టరే చేయించమన్నాడని చెప్పమ్మా. నమ్మకపోతే నాకు ఫోన్ చేయించు."

ఇద్దరు చేశారు. ఇద్దరికీ ఓపిగ్గా చెప్పాను. అందులో ఒకాయన తన తమ్ముడికీ చెయ్యి పడిపోయిందని, పసరుకు రేపే బండి మాట్లాడామని అన్నాడు. బండిని ఇటు తిప్పమన్నాను.