అమ్మను నేను చూసుకుంటా, నువ్వు రాకు

నర్సంపేట

దోస్తూ,

నీ గ్రీన్‌కార్డు దరఖాస్తుకు కావాల్సిన పుట్టిన సర్టిఫికెట్ చేతికొచ్చింది. ఇంట్లోనే పుట్టావు కదా, పంచాయతీ రిజిస్టర్‌లో నీ పేరే ఎక్కలేదు. ఏడాది దాటిన పుట్టుకను ఇప్పుడు రాయించాలంటే ఆర్డీవో ఉత్తర్వు కావాలన్నారు. రికార్డులో లేదని ముందొక కాయితం, మీసేవలో దరఖాస్తు, నీ పదో తరగతి మెమో, సాక్షుల అఫిడవిట్లు. మీ మేనత్త వేలిముద్ర వేసి, సిరా కొంగుకు తుడుచుకుంటూ "పిల్లగాడు ఎప్పుడొస్తడు?" అనడిగింది. అమ్మ పేరు ఆధార్‌లో ఒకలా, నీ పాస్‌పోర్టులో ఒకలా ఉంది. పాస్‌పోర్టు ప్రకారమే రాయించాను.

అమ్మకు మోకాళ్లు బాగా లేవని విన్నప్పటి నుంచీ, గ్రీన్‌కార్డు దరఖాస్తు పెట్టేలోపు ఒకసారి వచ్చిపోతానంటున్నావు. రాకు రా. హెచ్-1బీ కొలువు పోయి, ఐ-94లో ఉండనిచ్చిన తేదీ దాటి ఏడాది పైనే అయింది. వీసా మీద సక్రమంగా దిగి, అమెరికా పౌరురాలిని పెళ్లాడావు కాబట్టి అక్కడే ఉండి దరఖాస్తు పెడితే గడువు దాటినంత మాత్రాన అడ్డం ఉండదు. దేశం దాటావో, 1996 నాటి చట్టం ప్రకారం పదేళ్లు మళ్లీ అడుగు పెట్టనివ్వరు. తల్లిని చూడబోయినవాడికి ఇంత శిక్షా అని నాకు కడుపు మండుతుంది.

అర్రబల్లి, యెర్రబెల్లి అని ఇద్దరు భార్యాభర్తలు, వాళ్లూ గడువు దాటినవాళ్లే. దరఖాస్తు నడుస్తుండగా ముసలి తల్లిదండ్రుల కోసం ఇండియాకొచ్చి వెళ్లారు. బయటికెళ్లి తిరిగి రావడానికి ముందస్తు అనుమతి, అదే అడ్వాన్స్ పెరోల్, తీసుకునే వచ్చినా పదేళ్ల నిషేధం మెడకు చుట్టుకుంది. ఇమిగ్రేషన్ అప్పీళ్ల బోర్డు దాకా కొట్లాడారు. పెరోల్ మీద వెళ్లిరావడం ఆ నిషేధం కిందికి రాదని 2012లో బోర్డు తేల్చింది. వాళ్ల పుణ్యాన ఎందరో కన్నవాళ్లను చూసుకోగలిగారు. అయినా పెరోల్ ఉన్నంత మాత్రాన తిరిగి రానిస్తారన్న పూచీ లేదు. వకీలు సరేననందే టికెట్ కొనకు. గ్రీన్‌కార్డు ఇంటర్వ్యూకూ ఒంటరిగా పోకు. 2025 నవంబరులో శాన్ డియాగోలో నీలాంటివాళ్లను ఇంటర్వ్యూకు వచ్చినచోటే పట్టుకున్నారు.

అమ్మను వరంగల్ తీసుకెళ్లి డాక్టరుకు చూపించే పని నాది. ఆదివారం వీడియో కాల్ చెయ్యి, కోడలితో మాట్లాడాలని అమ్మది ఒకటే పోరు. ఆ కాల్స్ ఫొటోలు దాచిపెట్టు, మీది నిజం కాపురమని చూపడానికి అవీ పనికొస్తాయి. సర్టిఫికెట్ కొరియర్‌లో వేశాను. అందగానే ఫోన్ కొట్టు.

నీ దోస్తు