బడికి ఒక వేరుశనగ మొక్క

సైన్స్ పాఠానికి చార్టులు బోలెడున్నాయి. నాకైతే అనంతపురం చేలో వేళ్లతో సహా పీకిన ఒక్క వేరుశనగ మొక్క చాలనిపిస్తుంది. పసుపు పువ్వు పైన పూస్తుంది. ఫలదీకరణ అయ్యాక ఊడ దిగి మట్టిలోకి దూరుతుంది, కాయ అక్కడే ఊరుతుంది. కాయ వేరుకే కాస్తుందనుకునే పిల్లలకు ఆ ఊడను పట్టి చూపించాలి. వేళ్ల మీది బుడిపెను గోటితో చిదిమితే లోపల గులాబీ రంగు! రైజోబియం బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని మొక్కకు అందిస్తోందన్నమాట. ఒక మార్కు ప్రశ్నగా మిగిలిపోతున్న ఈ సంగతిని పిల్లలు కళ్లారా చూడాలి. టీచర్లు అడిగితే ఊళ్లో ఏ రైతైనా ఒక మొక్క ఇవ్వడా? నగరంలో బడులైతే కుండీలో, వదులు మట్టిలో, నాలుగు గింజలు వేసుకోవచ్చు. జూన్‌లో బడి తెరవగానే వేస్తే దసరా సెలవులకల్లా కాయలు కనిపిస్తాయి.