కొండా, ఒడ్డూ, స్తంభమూ

1878 వేసవిలో తీసిన ఫొటో అది. రాళ్ల ఒడ్డు వెంట వరసగా సీడార్ పలకల ఇళ్లు. ఇళ్ల ముందు, సముద్రం వైపు తిరిగి, ఇంటి కప్పులను దాటి లేచిన చెక్కిన స్తంభాలు. వాటి మీద ఎలుగుబంటి, బొంతకాకి, ఓర్కా తిమింగలం వంటి రూపాలు. వెనకంతా అడవి. ఊరి పేరు స్కెడాన్స్. కెనడా పశ్చిమ తీరానికి అవతల సముద్రంలో ఉన్న హైడా గ్వాయి దీవుల్లోది.

తీసినాయన జార్జ్ డాసన్, కెనడా భూగర్భ సర్వే శాఖలో ఉద్యోగి. చిన్నతనంలో వెన్నెముకకు క్షయ సోకడంతో గూని వచ్చింది, ఎదుగుదల ఆగిపోయింది. అలాంటి శరీరంతో పడవల్లో వెళ్తూ, కెమెరానూ గాజు పలకలనూ మోయించుకుంటూ ఆ దీవుల్లో తిరిగాడు. ప్రభుత్వం పంపింది రాళ్లను, బొగ్గును పరిశీలించమని. ఆయన ఊళ్లను కూడా ఫొటోలు తీశాడు, హైడా ప్రజల గురించి విడిగా నివేదిక రాశాడు. ఆ ఫొటోలు ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి. వాటి ప్రతులను వాంకూవర్ దగ్గర సర్రేలోని మా ఇంట్లో కంప్యూటర్ మీద పెద్దవి చేసుకుని చూస్తూ ఎన్నో రాత్రులు గడిపాను.

ఎవరికి చూపించినా ముందు అనే మాట ఒకటే, "ఎంత ప్రశాంతంగా ఉందో!" అని. ఆ ప్రశాంతత వెనక మశూచి ఉంది. 1862లో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి వచ్చిన ఓడతో విక్టోరియా పట్నానికి రోగం దిగింది. పట్నం చుట్టూ విడిది చేసిన ఉత్తరాది జాతుల వాళ్లను అధికారులు వెళ్లగొట్టారు. వాళ్ల పడవల వెంటే రోగమూ తీరమంతా పాకింది. వేలల్లో ఉన్న హైడా జనం 1900 నాటికి కొన్ని వందలకు పడిపోయారు. బతికినవాళ్లు చివరికి స్కిడెగేట్, మాసెట్ (ఇప్పటి ఓల్డ్ మాసెట్) అనే రెండు ఊళ్లకు చేరారు. డాసన్ కెమెరా పెట్టేనాటికి ఆ మహమ్మారి వచ్చి పదహారేళ్లు. కాబట్టి ఆ ఒడ్డు మీద కనిపించే ఖాళీని ప్రకృతి అందమని నేను అనలేను. అది మనుషులు చేసిన ఖాళీ.

అమ్మా నాన్నా గుంటూరు నుంచి వచ్చినప్పుడు వాంకూవర్‌లోని యూబీసీ విశ్వవిద్యాలయంలో ఉన్న మ్యూజియం ఆఫ్ ఆంత్రపాలజీకి తీసుకెళ్లాను. ఎత్తైన గాజు గోడల హాల్లో పాత స్తంభాలు నిలబడి ఉంటాయి. అమ్మ చెప్పులు విప్పబోతూ, "వీటికి పూజ చేస్తారా నాన్నా?" అని అడిగింది. చేయరు. వీటిని విగ్రహాలనుకున్న మిషనరీలూ ఉన్నారు. ఈ బొమ్మలు దేవుళ్లు కావు, వంశ చిహ్నాలు. హైడాల్లో ప్రతి మనిషీ బొంతకాకి పక్షమో గద్ద పక్షమో అయి ఉంటాడు. మన సగోత్రం లాగే ఒకే పక్షంలో పెళ్లి కుదరదు, కాకపోతే అక్కడ పక్షం తల్లి నుంచి వస్తుంది. ఇంటి ముందు నిలిపే స్తంభం ఆ ఇంటి చరిత్ర, హక్కులు చెబుతుంది. పెద్దల అవశేషాలున్న పెట్టెను పైన మోసే స్తంభాలు వేరు.

స్తంభం నిలపాలంటే పొట్లాచ్ జరగాలి. పొట్లాచ్ అంటే విందు, కానుకలు. వచ్చినవాళ్లు కానుక తీసుకున్నారంటే, జరిగినదానికి సాక్షులమని ఒప్పుకున్నట్టే. 1885 నుంచి 1951 దాకా కెనడా చట్టం దీన్ని నేరం చేసింది. సాక్ష్యాన్నే నేరం చేస్తే స్తంభం ఎవరి కోసం నిలుస్తుంది? ఆ నిషేధ కాలంలోనే పాత స్తంభాల్లో చాలావాటిని మ్యూజియాలు పట్టుకుపోయాయి.

నాన్న చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మన అమరావతి రాళ్లు కూడా లండన్‌లోనే ఉన్నాయి కదరా" అన్నారు. ఆ మాట నన్ను వదల్లేదు. 1845లో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ అమరావతి స్తూపం దగ్గర తవ్వించిన ఫలకాలను మద్రాసు చేర్చాక, 1858లో ఫొటోగ్రాఫర్ లినేయస్ ట్రైప్ వాటిని ఫొటోలు తీశాడు. ఆ వెంటనే అవి లండన్‌కు ఓడెక్కాయి. ఆ ఫొటోల్లో శిల్పం స్పష్టంగా ఉంటుంది, చోటు ఉండదు. కృష్ణ ఒడ్డు లేదు, దిబ్బ లేదు, ఏ ఫలకం దేని పక్కన ఉండేదో తెలియదు. స్తూపపు అమరిక కోసం అంతకు ముందు సర్వేయర్ మెకంజీ మనుషులు గీసిన బొమ్మలను వెతుక్కోవాలి. డాసన్ ఫొటోల గొప్పతనం నాకు అప్పుడు అర్థమైంది. ఏ స్తంభం ఏ ఇంటి ముందు, ఏ ఒడ్డున నిలబడిందో అవి చూపిస్తాయి. అది మేలైన శిల్పమా కాదా అన్నదానికంటే, ఎక్కడిదన్నది పెద్ద ప్రశ్న అని నా నమ్మకం.

హైడా వంశాలు చరిత్రలో కలిసిపోలేదు. 1969లో, ఇరవై రెండేళ్ల హైడా శిల్పి రాబర్ట్ డేవిడ్‌సన్ ఓల్డ్ మాసెట్‌లో స్తంభం చెక్కి నిలిపాడు. ఆ ఊరు అలాంటిది చూసి దాదాపు నూరేళ్లు. 1985లో లయెల్ దీవిలో అడవి నరికే దారికి అడ్డంగా హైడా పెద్దలు కూర్చున్నారు, అరెస్టయ్యారు. ఆ ప్రాంతం ఇప్పుడు రక్షిత వనం. 2024లో బ్రిటిష్ కొలంబియా ప్రభుత్వం ఆ దీవుల భూమి మీద హైడాల హక్కును చట్టం చేసి గుర్తించింది. ఫొటోల్లో నేపథ్యంగా కనిపించే కొండలు ఎవరివన్న ప్రశ్నకు, ఇన్నేళ్లకు, కాగితం మీద జవాబు వచ్చింది.

ఆ తీరం నుంచి పోయిన స్తంభాలు కొన్ని తిరిగొస్తున్నాయి కూడా. 1929లో స్వీడన్‌కు తీసుకెళ్లిన హైస్లా జాతి స్తంభం 2006లో ఇంటికి చేరింది. అదే 1929లో ఎడిన్‌బరా కోసం తరలించిన నిస్గా జాతి స్తంభం 2023లో సైనిక విమానంలో కెనడా చేరి, నాస్ లోయకు వచ్చింది. పదకొండు మీటర్ల కర్ర అది. తమవాళ్లు ఊళ్లో లేని సమయంలో, అనుమతి లేకుండా తీసుకెళ్లారని నిస్గాలు చెబుతూ వచ్చారు. దానికి ఎదురెళ్లి స్వాగతం పలికిన జనాన్ని వార్తల్లో చూసి నాన్న ఫోన్ చేశారు. అమరావతి గురించి మళ్లీ అడిగారు. నా దగ్గర జవాబు లేదు. అడగడం మాత్రం మనం మానకూడదు.

వాంకూవర్ వచ్చే మనవాళ్లకు ఒక మనవి. స్టాన్లీ పార్కులో స్తంభాల ముందు అందరం ఫొటోలు దిగుతాం, దిగండి. పక్కనే బోర్డులుంటాయి, వాటినీ చదవండి. ఏ జాతిది, ఏ ఊరిది, ఎవరు చెక్కారు అన్నది అక్కడ రాసి ఉంటుంది. ఇంటికి ఫొటో పంపేటప్పుడు కింద "టోటెమ్ పోల్" అని వదిలేయకుండా ఆ పేర్లు రాయండి. పిల్లలతో చదివించండి.