సంగీతమును చదువవచ్చునా?



గత సంవత్సరము పదవ తరగతి ఫలితములు వెలువడిన కొలది దినములకు దివిసీమనుండి యొక బాలుడు తండ్రితో గూడ నాయొద్దకు వచ్చెను. మన ప్రార్థనకూటములలో శ్రావ్యముగ పాడిన బాలుడే. "అయ్యగారూ, పై తరగతులలో సంగీతము చదువవచ్చునాండీ?" అని యడిగెను. "సంగీతము పాడుకొనుటకే గాని చదువుకొనుటకా నాయనా? గణితము తీసికొనుము" అంటిని. తండ్రి సంతోషించెను. బాలుడు తల వంచుకొని పోయెను. ఆ వంచిన తల నా మనస్సునుండి తొలగలేదు.

ఏలయన, ఆ మాట చెప్పుటకు నేను తగినవాడను గాను. చిన్ననాట మా పల్లె దేవాలయములో 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' పెద్దలవలన విని నేర్చుకొంటిని. ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో నొక ఉదయమున ప్రార్థనలో పాడగా, వృద్ధుడగు నొక యధ్యాపకుడు "చక్కగ పాడితివి. అది యే రాగము?" అని యడిగెను. నాకు మాట రాలేదు. ఆ రాత్రి పుస్తకము విప్పి చూడగా, కీర్తనకు పైన రాగము, తాళము అచ్చువేసియే యున్నవి! ఇన్నియేండ్లు ఆ పుటను తిప్పితినే గాని ఆ పంక్తిని చదువనైతిని. పాట నా నోట నుండెను. విద్య నాకడ లేకుండెను.

నేను గణితము చెప్పువాడను. 72 మేళకర్తల లెక్క తెలిసికొన్ననాడు నివ్వెరపడితిని. రిషభ గాంధారముల కూర్పులు 6. ధైవత నిషాదముల కూర్పులు 6. వీనిని హెచ్చింపగా 36. శుద్ధమధ్యమముతో 36, ప్రతిమధ్యమముతో 36. మేము నల్లబల్లమీద చెప్పు లెక్కయే యిది! అయినను లెక్క తెలిసినంత మాత్రమున చాలదు. సరళీవరుసలు, జంటవరుసలు, 7 అలంకారములు, గీతములు, వర్ణములు, కృతులు అను మెట్లను గొంతు క్రమముగ నెక్కవలెను. చేయి ఆదితాళపు 8 అక్షరములు తప్పక వేయవలెను. చెవి తన తప్పును తానే పట్టవలెను. అందుకే సి.బి.యస్.ఇ. వారు 11, 12 తరగతుల కర్ణాటక గాత్రమునకు 100 మార్కులలో 70 పాడి చూపుటకును, 30 శాస్త్రము వ్రాయుటకును ఉంచిరి.

ఇది మన సీమకు క్రొత్త విద్య కాదు. క్షేత్రయ్య మన మువ్వవాడని ప్రతీతి. త్యాగరాజ శిష్యపరంపరలోని పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారు ఈ కృష్ణాతీరపు శ్రీకాకుళమున జన్మించిరి. గుడివాడ చెంతనున్న చౌటపల్లిలో 1922లో పుట్టిన ఘంటసాల వేంకటేశ్వరరావుగారు బాల్యముననే తండ్రిని గోల్పోయి, విజయనగరము చేరి, 1919లో స్థాపింపబడిన ఆ సంగీత కళాశాలలో చదివిరి. మధుకరమెత్తి కడుపు నింపుకొని, పట్రాయని సీతారామశాస్త్రిగారి యొద్ద విద్య నేర్చిరి. ఆయన బయలుదేరునాడు నావంటి యుపాధ్యాయుడు దారిలో నెదురై "పాడుకొనుటకే గాని" అనియున్నచో నేమయ్యెడిది?

దసరా సెలవులలో చల్లపల్లి మీదుగ బస్సులో ఆ బాలుని యూరికి పోయితిని. "నాడు తొందరపడి తప్పు చెప్పితిని" అని తండ్రితో నంటిని. "జీతము కట్టేసినామండి. అయినా పాట కూడు పెడుతుందా అయ్యగారూ?" అని యాయన యడిగెను. అందరకును పెట్టునని నేను చెప్పజాలను. అబద్ధమాడుట ధర్మము కాదు. "కళాశాల చదువు మాననక్కరలేదు. శనివారమునాడు మాత్రము బందరు పంపుడు" అంటిని. కొంతసేపు నేల చూచి, సరే యనెను.

ఇప్పుడు ప్రతి శనివారము ఆ బాలుడు బందరులో నొక వృద్ధ విద్వాంసునియొద్ద కూర్చుండుచున్నాడు. ప్రక్కనే అదే చాపమీద నేనును కూర్చుండి సరళీవరుసలు పాడుచున్నాను. నా స్వరము తప్పినపుడు బాలుడు నావైపు చూచి మెల్లగ సరిదిద్దును. విద్యార్థులారా, మీలో నెవరైనను ఈ ప్రశ్నతో వచ్చిన, ఈసారి నేను తొందరపడి జవాబు చెప్పను. ముందు మీ పాట వినెదను.