మన చేతికి అప్పగించిన మట్టి

మేము ఎడ్మంటన్ వచ్చిన కొత్తలో ఊరి నడిబొడ్డున ‘మెక్యువన్’ అన్న పేరు చూసి, ఎవరో పెద్ద షావుకారు కాబోలు, విరాళమిచ్చి కాలేజీకి తన పేరు పెట్టించుకున్నాడు అనుకున్నాం. మన ఊళ్ళలో సత్రాలకీ కల్యాణ మండపాలకీ పేర్లు అలాగే కదా పడేది! పోయినేడు మా అమ్మాయి అక్కడే చేరి, ఆయన మీద ఏదో వ్యాసం రాయాలని పుస్తకాలు తెచ్చింది. తనకంటె మేమే వాటిని ఎక్కువ చదివాం.

గ్రాంట్ మెక్యువన్ షావుకారు కాడు. 1902లో మానిటోబాలో, బ్రాండన్ దగ్గర పుట్టిన రైతుబిడ్డ. వ్యవసాయశాస్త్రం చదువుకుని 1928లో సస్కాచివన్ విశ్వవిద్యాలయంలో పశుపోషణ పాఠాలు చెప్పడానికి చేరాడు. ఆ తరవాతి పదేళ్ళూ ఈ ప్రెయిరీలకు గడ్డుకాలం. వానలు లేవు. పచ్చిక తిరగేసి దున్నిన నేల గాలికి దుమ్మై లేచిపోయింది. పశువులకు మేత లేక ముళ్ళమొక్కలు కోసి వేశారు. కళ్ళెదుట మట్టి ఎగిరిపోవడం చూసిన మనిషి ఆ సంగతి జన్మలో మరిచిపోలేదు.

రాజకీయాల్లో ఆయనకు గెలుపు కన్న ఓటమే ముందు ఎదురైంది. 1951లో పార్లమెంటుకు నిలబడి ఓడిపోయాడు. 1955లో ఆల్బర్టా శాసనసభకు ఎన్నికై, 1958లో లిబరల్ పార్టీ నాయకుడయ్యాడు. 1959 ఎన్నికల్లో ఆ పార్టీకి 65 స్థానాల్లో దక్కింది ఒక్కటే. అది ఆయనది కాదు. అయినా ఇంట్లో కూచోలేదు. 1963లో కాల్గరీ మేయరు, 1966 నుంచి 1974 దాకా రాష్ట్రానికి లెఫ్టినెంట్ గవర్నరు. ఆ పదవిలోకి వచ్చిన ఏడే ‘ఎంట్రస్టెడ్ టు మై కేర్’ అన్న పుస్తకం వెలువడింది. నా సంరక్షణకు అప్పగించినది అని అర్థం. మనిషి ప్రకృతి కొట్టును కొల్లగొట్టేవాడుగా కాక కాపు కాసేవాడుగా ఉండాలన్నది ఆయన నమ్మకం. పశువుల పెంపకం నేర్పిన ఆచార్యుడే పెద్దతనంలో మాంసం మానేశాడు. 2000లో, 97 ఏళ్ళ వయసులో పోయాడు. నీటి గురించి రాసిన పుస్తకం ఆ ఏడే అచ్చయింది.

ఇదంతా చదువుతున్న రోజుల్లోనే అన్నయ్య అమలాపురం నుంచి ఫోన్ చేశాడు. నాన్నగారు మిగిల్చిన రెండెకరాలూ రొయ్యల చెరువుకి లీజుకిస్తే వరి కౌలుకు ఎన్నో రెట్లు వస్తుందిట. మా సంతకం ఒక్కటే తక్కువ. ఆరు నెలలుగా “నీ ఇష్టం అన్నయ్యా” అంటున్నది మేమే. అమ్మాయి ఫీజులకి పనికొస్తుందన్న ఆశా లేకపోలేదు. ఈసారి మాత్రం, “పక్క చేనువాళ్ళ సంగతేమిటి? ఉప్పు వాళ్ళ నేలలోకి ఊరదా?” అని అడిగాం.

“అక్కడ కూచుని నీతులు చెప్పడం తేలికేరా. ఈ వయసులో కూలీల కోసం ఎండలో తిరిగేది నేను” అన్నాడు అన్నయ్య.

మాట పడిపోయింది. అన్నయ్య అన్నదాంట్లో తప్పేమీ లేదు. ఇక్కడ మా జీతం భూమిని తవ్వి తీసే నూనెలోంచి వస్తోంది. రొయ్యల వేపుడు మాకూ ప్రీతే. మెక్యువన్ తన మాట చెప్పింది తను ఉన్న చోట, తనను ఓడించిన జనం మధ్యనే నిలబడి. మేము పన్నెండు వేల కిలోమీటర్ల దూరాన, వేడి వేడి కాఫీ పక్కన పెట్టుకుని చెబుతున్నాం.

మర్నాడు మళ్ళీ ఫోన్ చేశాం. సంతకం పెట్టలేమన్నాం. వరి మీద వచ్చే మా వాటా ఇక అన్నయ్యదే అన్నాం. కూలీల ఖర్చు ఏటా మేము పంపుతామన్నాం. అమ్మాయికి వేసవిలో ఏదైనా పని చూసుకోమని చెప్పాం. తను ఎప్పుడో చూసుకుందిట, మాకే చెప్పలేదు.

అన్నయ్య సరేననలేదు, కాదనీ అనలేదు. “ఈ సార్వా కానీ, చూద్దాం” అని పెట్టేశాడు. ఈ ఏటికి ఆ మట్టి మట్టిగానే ఉంటుంది. వచ్చే ఏడు మళ్ళీ ఫోన్ మోగుతుంది. అప్పుడు కూడా ఈ మాట మీదే నిలబడగలమా అన్నదే ఇప్పుడు మా ఇంట్లో చర్చ.