మొదటి జీతం కవర్

పోయినేడు డిసెంబర్‌లో నా బ్యాగులో ఒక తెల్ల కవర్ ఉండేది. అందులో 21,500 రూపాయలు. నా మొదటి జీతం మొత్తం! కవర్ మీద ‘దేవునికి కృతజ్ఞతార్పణ’ అని రాసి, కింద నా పేరు కూడా రాశాను. నిజం చెప్పాలంటే పేరే కాస్త పెద్ద అక్షరాలతో రాశాను.

అది నా మొక్కు. ఇంజినీరింగ్ అయిపోయాక ఏడాదిన్నర ఖాళీగా ఉన్నాను. ఇంటర్వ్యూకి వెళ్లిన ప్రతిసారీ ‘మేమే కాల్ చేస్తాం’ అనేవాళ్లు, ఆ కాల్ మాత్రం వచ్చేది కాదు. ఒక రాత్రి హాస్టల్ మేడ మీద కూర్చుని ఏడుస్తూ, ‘ప్రభువా, ఉద్యోగం ఇస్తే మొదటి జీతం మొత్తం నీకే’ అనేశాను. నవంబర్‌లో ఉద్యోగం వచ్చింది. నెలాఖరుకి ఫోన్‌లో జీతం పడిన మెసేజ్ చూసి ఎంత సంతోషపడ్డానో! ఆ నెల హాస్టల్ ఖర్చు మాత్రం నాన్న పంపిన డబ్బుతోనే గడిచింది. అందులో ఏదో తేడా ఉందని అప్పుడు నాకు తట్టలేదు.

క్రిస్మస్‌కి మూడు రోజుల ముందు జేబీఎస్‌లో మెదక్ బస్సెక్కాను. దారంతా బ్యాగు ఒళ్లోనే పెట్టుకున్నాను. క్రిస్మస్ రోజు మా ఊరి చర్చిలో కానుకల సమయంలో అయ్యగారు నా పేరు చదువుతారు, అమ్మానాన్నలు తలెత్తుకుని చూస్తారు... ఇలాంటి ఊహలతోనే ప్రయాణం గడిచిపోయింది.

ఇంటికి వెళ్లేసరికి పండగ సందడి మొదలైపోయింది. ఇంటి మీద నక్షత్రం వెలుగుతోంది. నానమ్మ మంచం మీద కూర్చుని బియ్యం ఏరుతోంది. ఆమె పక్కన ఎప్పటిలాగే మూత ఊడిన పాత డబ్బా. అది ‘దేవుని డబ్బా’. రోజూ అన్నం వండే ముందు ఒక పిడికెడు బియ్యం తీసి అందులో వేస్తుంది. నెలాఖరున చర్చికి తీసుకెళ్తుంది. మన తెలుగు పల్లెల్లో చాలా క్రైస్తవ కుటుంబాల్లో ఈ అలవాటు ఉండేది. మిజోరంలో అయితే 1910లో మొదలైన ఈ పిడికెడు బియ్యం కానుక ఇప్పటికీ అక్కడి చర్చిలకు పెద్ద ఆధారం. చేతిలో రూపాయి లేని ఆడవాళ్లు కూడా ఇవ్వగలిగిన కానుక అది. నానమ్మ ఆ డబ్బాలో వేసే పిడికెడు ఇంకొకరి కంచంలోంచి తీసింది కాదు, తన వంతులోంచి తగ్గించుకున్నది. ఈ మాట ఎందుకు చెబుతున్నానో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

సాయంత్రం చిన్నమ్మ వచ్చింది, అమ్మకి పిండివంటల్లో సాయం చేయడానికి. నన్ను చూడగానే రెండు చేతులతో మొహం పట్టుకుని ‘కొలువచ్చిందట కదా బిడ్డా!’ అంది. వేళ్ల చివర్లు గరుకుగా తగిలాయి. చిన్నమ్మ బీడీలు చుడుతుంది. ఒళ్లో చాట పెట్టుకుని, తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, దారం చుడుతూ పొద్దస్తమానం కూర్చునే ఉంటుంది. సకినాలు చుట్టడానికి ఆమె ముందుకు వంగినప్పుడు మెడలో రోల్డ్ గోల్డ్ గొలుసు కనిపించింది. రంగు పోయి నల్లబడింది.

రాత్రి తమ్ముడు మామూలుగా అడిగినట్టే అడిగాడు. ‘అక్కా, చిన్నమ్మ గొలుసు ఎప్పుడు ఇడిపిస్తవ్?’

నేను మర్చిపోలేదు. కానీ గుర్తుపెట్టుకున్నానని కూడా చెప్పలేను. మూడేళ్ల కింద కాలేజీలో ఫీజు కట్టనిదే హాల్‌టికెట్ ఇవ్వమన్నారు. నాన్న ఇంకెక్కడా అప్పు పుట్టని పరిస్థితిలో ఉన్నాడు. అప్పుడు చిన్నమ్మ తన రెండు తులాల గొలుసు సేటు దగ్గర కుదువబెట్టి 40,000 తెచ్చిచ్చింది. ‘కొలువచ్చినంక సూద్దాం తీ’ అంది. అంతే. ఆ తర్వాత ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

తమ్ముడు లెక్క చెప్పాడు. నూటికి రెండు రూపాయల వడ్డీ. నెలకు 800. మూడేళ్లకు 28,800. అదంతా చిన్నమ్మే కడుతోంది, బీడీలు చుట్టిన డబ్బుతో. ‘నీకు చెప్పొద్దన్నది. చదువు మీద మనసు పెట్టదని’ అన్నాడు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. బ్యాగులో కవర్ ఉంది. దేవుడికిచ్చిన మాట ఉంది. మొక్కుకుని చెల్లించకపోతే మహా తప్పని చిన్నప్పటి నుంచి సండే స్కూల్లో విన్నదాన్ని. చిన్నమ్మ అయితే ఆగుతుంది, మూడేళ్లు ఆగింది, ఇంకో నాలుగు నెలలు ఆగదా? దేవుడి విషయంలో అలా ఆలోచించడానికి భయం. ఆ భయం వెనక ఇంకోటి కూడా ఉంది. చర్చిలో ఇస్తే అందరూ చూస్తారు. సేటు దుకాణంలో కడితే ఎవరు చూస్తారు?

పొద్దున్నే అయ్యగారి దగ్గరకు వెళ్లాను. ‘మాట అంటే మాటే తల్లీ, ముందు దేవుడికి చెల్లించు’ అంటారని లోపల ఒక ఆశ. అలా అంటే నా సమస్య తీరిపోతుంది కదా. పైగా మా చర్చి పైకప్పు వానాకాలం కారుతోంది. దాని కోసమే ఆ ఏడాది ప్రత్యేక కానుకలు పోగుచేస్తున్నారు. నా కవర్ ఆయనకు ఎంత అవసరమో నాకు తెలుసు.

ఆయన అంతా విన్నారు. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత బైబిల్ తెరిచి మార్కు సువార్త 7వ అధ్యాయం చదవమని నాకే ఇచ్చారు. ‘కొర్బాను’ అనే మాట దగ్గర ఆపమన్నారు. అప్పటిదాకా ఆ మాటని గమనించనే లేదు నేను. కొర్బాను అంటే దేవునికి అర్పించినది. ఆ రోజుల్లో కొందరు తమ ఆస్తిని కొర్బాను అని ప్రకటించి, ‘మీకు ఇవ్వాల్సింది దేవునిదైపోయింది’ అని తల్లిదండ్రుల్ని పోషించకుండా తప్పించుకునేవారట. ఆచారం ప్రకారం చూస్తే వాళ్లది తప్పు కాదు, పైగా భక్తి. యేసు మాత్రం దాన్ని భక్తి అనలేదు. మీ ఆచారంతో దేవుని ఆజ్ఞనే కొట్టేస్తున్నారని గట్టిగా మందలించాడు.

‘ఇది అమ్మానాన్నల గురించి కదా అయ్యగారూ, మా చిన్నమ్మ...’ అన్నాను. ఇంకా తప్పించుకునే దారి వెతుకుతున్నాను చూడండి!

ఆయన నవ్వి మత్తయి సువార్త 5వ అధ్యాయం తీశారు. అర్పణ పట్టుకుని బలిపీఠం దాకా వెళ్లాక కూడా, నీ మీద నీ సహోదరుడికి ఏదైనా ఉందని గుర్తొస్తే, కానుక అక్కడే వదిలేసి ముందు వెళ్లి సమాధానపడి రమ్మన్నాడు ప్రభువు. ‘నీకు బలిపీఠం దాకా వచ్చినంక యాదికొచ్చింది. మంచిదే. ఇంకా ఆలస్యం కాలేదు’ అన్నారు. కవర్ నా చేతికే తిరిగిచ్చారు. కారుతున్న పైకప్పు కింద కూర్చుని ఆ మాట అనడం తేలిక కాదు. ఆయన మీద నాకు గౌరవం ఆ రోజు పెరిగింది.

ఇంటికొచ్చి నానమ్మకు చెప్పాను. ఆమె బియ్యం ఏరుతూనే ఒక పాత సంగతి చెప్పింది. మెదక్ చర్చి కట్టేటప్పుడు వాళ్ల తాత రాళ్లు మోశాడట. అప్పుడు కరువు. చార్లెస్ వాకర్ పోస్నెట్ అనే మిషనరీ ఊరికే అన్నం పంచిపెట్టకుండా, పని ఇచ్చి తిండి పెట్టాడు. 1914లో మొదలైన కట్టడం పూర్తయి 1924 డిసెంబర్ 25న చర్చి తెరిచారు. ‘దేవునికి గుడి గట్టిండ్రు అంటరు గని, ముందుగాల మా తాత కడుపు నిండింది. దేవుని పనంటె గట్లుంటది’ అంది.

ఇప్పుడు ఆ చర్చి దగ్గర సెల్ఫీలు దిగే మనలో చాలామందికి ఎత్తైన గోపురం కనిపిస్తుంది. దాని కింద ఆ రోజుల్లో పొయ్యి మీద ఉడికిన గంజి కనిపించదు. నాకూ ఎప్పుడూ కనిపించలేదు.

మధ్యాహ్నం చిన్నమ్మను తీసుకుని సేటు దుకాణానికి వెళ్లాను. ‘ఇప్పుడెందుకు బిడ్డా పైసలు? పండుగకు మంచి బట్టలు కొనుక్కో’ అంటూ దారంతా వద్దంటూనే ఉంది. ఆ నెల వడ్డీ ఆమె అప్పటికే కట్టేసింది. నేను 20,000 అసలులో జమ చేయించాను. గొలుసు చేతికి రాలేదు. సగం అప్పే తీరింది మరి. సేటు చీటీ మీద కొత్త లెక్క రాసిచ్చాడు. ఇకపై వడ్డీ నెలకు 400. చిన్నమ్మకు చదువు రాదు. ఆ చీటీని అటూ ఇటూ తిప్పి చూసి, నాలుగు మడతలు పెట్టి కొంగుకు ముడేసుకుంది. బయటికొచ్చాక కళ్లు తుడుచుకుంది. నేను చూడనట్టే ఉండిపోయాను.

‘మిగిలింది కూడా ఈస్టర్‌ కల్లా కడత చిన్నమ్మా. వడ్డీ కూడా ఇక నేనే కడత’ అన్నాను. మొక్కుకున్నప్పటి కంటే ఆ మాట అంటున్నప్పుడే నాకు ఎక్కువ భయమేసింది. ఎందుకంటే ఇది తప్పకుండా నిలబెట్టుకోవాలి.

క్రిస్మస్ ఆరాధనలో కానుకల పళ్లెం వచ్చింది. మిగిలిన 1,500 అదే తెల్ల కవర్‌లో పెట్టాను. పేరు మీద పెన్నుతో గీత కొట్టేశాను. నా పేరు ఎవరూ చదవలేదు. కొంచెం వెలితిగా అనిపించిన మాట నిజం. ఒక్క రోజులో మనిషి మారిపోదు కదా.

ఆడవాళ్ల వరసలో చిన్నమ్మ నాకు ముందు కూర్చుంది. పళ్లెం తన దగ్గరికి రాగానే కొంగు ముడి విప్పి, మడత పెట్టిన నోట్లు వేసింది. తర్వాత బగారన్నం తింటున్నప్పుడు అడిగితే చెప్పింది. ‘నాలుగు వందలు. వచ్చే నెల వడ్డీకని తీసి పెట్టిన. నువ్వే కడతనంటివి గద, ఇగ దేవునిదే’ అని.

నేను దేవుడి దగ్గర తగ్గించానని భయపడిన కానుక అలా ఇంకో చేతి మీదుగా ఆయన దగ్గరికే వెళ్లింది. నేనిస్తే అది నా గొప్ప అయ్యేది. ఆమె ఇస్తే నిజంగా కృతజ్ఞత అయింది.

క్రిస్మస్ కథలో మనకు జ్ఞానులు తెచ్చిన బంగారం, సాంబ్రాణి, బోళమే ఎక్కువ గుర్తుంటాయి. స్టేజీ మీద నాటకం వేసినా ఆ పెట్టెలకే మెరుపు కాగితం అంటిస్తాం. కానీ లూకా సువార్తలో ఇంకో కానుక ఉంది. బిడ్డ పుట్టాక మరియ, యోసేపు దేవాలయానికి వెళ్లి పక్షుల జతను అర్పించడానికి సిద్ధమయ్యారు. మోషే ధర్మశాస్త్రంలో గొర్రెపిల్లను తేలేని పేదవాళ్ల కోసం ఉన్న వెసులుబాటు అది. యేసు ఇంటివాళ్లు కూడా తమకు ఉన్నదే ఇచ్చారు, అప్పు చేసి గొప్పకు పోలేదు. జక్కయ్య సంగతీ అంతే. యేసు తన ఇంటికొచ్చిన సంతోషంలో అతను దేవాలయానికి చందా ప్రకటించలేదు. ఆస్తిలో సగం బీదలకిస్తానన్నాడు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగిస్తానన్నాడు.

చర్చికి ఇవ్వొద్దని నేను అనడం లేదు. ఆ పైకప్పు వేయాల్సింది మనమే. ఫిబ్రవరి నుంచి నేనూ నెలనెలా పంపుతున్నాను. ఇప్పుడు చాలా చర్చిల్లో కానుకల పెట్టె పక్కనే క్యూఆర్ కోడ్ ఉంటోంది, పది సెకన్లలో పని అయిపోతుంది. స్కాన్ చేసే ముందు ఇంకో పది సెకన్లు ఆగితే బాగుంటుందని మాత్రం అనుకుంటాను. మన చదువు వెనక, మన ఫోన్ ఈఎంఐ వెనక, ఎవరి మెడో బోసిగా ఉందేమో ఒకసారి చూసుకోవాలి.

ఈస్టర్‌కి రెండు రోజుల ముందు గొలుసు ఇంటికొచ్చింది. చిన్నమ్మ దాన్ని కుంకుడుకాయ నీళ్లలో కడిగి, మెత్తటి గుడ్డతో తుడిచి వేసుకుంది. నానమ్మ దగ్గరికి పిలిచి వేళ్లతో తడిమి చూసింది. ‘గదే గొలుసు’ అంది. తర్వాత లేచి వంటింట్లోకి వెళ్లి, పొయ్యి మీద ఎసరు మరుగుతుండగా ఒక పిడికెడు బియ్యం తీసి డబ్బాలో వేసింది.