దరఖాస్తులోని ఆరవ ప్రశ్న

పిల్లిని పెంచుకొనడం కళాశాల వార్షిక సంచికలో వ్రాయదగిన విషయమేనా అని సంపాదకవర్గంలోని మిత్రులు సందేహించవచ్చును. ప్రబంధ సాహిత్యంపై ఒక వ్యాసమిస్తానని నేను మాట ఇచ్చిన సంగతి కూడ వారికి జ్ఞాపకముండే ఉంటుంది. ఆ వ్యాసాన్ని వచ్చే సంవత్సరానికి వాయిదా వేసి, గత శీతకాలంలో మా ఇంట జరిగిన ఒక చిన్న వృత్తాంతాన్ని విద్యార్థినీ విద్యార్థుల ముందుంచుతున్నాను.

మా అమ్మాయికి ఎనిమిదేళ్ళు. స్నేహితురాలి ఇంట్లో తెల్లని పెర్షియన్ పిల్లిని చూచి వచ్చిన నాటినుండి తనకూ అటువంటిదే కావాలని పట్టుపట్టింది. అంగడిలో విచారించగా దాని వెల విని నేను మారు మాట్లాడక తిరిగివచ్చాను. వెల మాట అటుంచి, ఆ జాతి లక్షణాలు తెలిసినకొద్దీ నాకు మనసొప్పలేదు. ముఖం చదునుగా ఉండడంవల్ల వాటిలో కొన్నింటికి ఊపిరి సరిగా ఆడదు. కన్నీరు కారుతూ ఉంటుంది. పొడుగు వెంట్రుకలను ప్రతిదినం దువ్వకపోతే ఉండలు కట్టి చర్మాన్ని లాగుతాయి. అంత బొచ్చుగల ప్రాణిని హైదరాబాదు మే నెల ఎండల్లో మూడవ అంతస్తులో కూర్చుండబెట్టడం ఏమి ముచ్చట? మన వీధుల్లో తిరిగే పొట్టి వెంట్రుకల నాటుపిల్లి తన ఒంటిని తానే నాకి శుభ్రపరచుకొంటుంది. వారానికొకమారు దువ్వితే చాలును. “కొనడమెందుకండీ? దిక్కులేనివాటిని చేరదీసే చోట్లున్నాయట కదా!” అని నా శ్రీమతి అన్నది. ఆ విధంగా ఒక ఆదివారం ఊరి వెలుపలనున్న ఒక జంతు శరణాలయానికి మువ్వురమూ వెళ్ళాము.

అక్కడ ఒక అట్టపెట్టెలో బూడిదరంగుపై నల్లచారలుగల ఆడపిల్లి ముడుచుకొని కూర్చున్నది. మిగిలినవన్నీ వచ్చి మా కాళ్ళకు రాచుకొంటుంటే అది మాత్రం చూచీ చూడనట్లున్నది. దాని ఎడమచెవి కొన లేదు. ఎవరో కోసివేశారని మా అమ్మాయి కంట తడిపెట్టింది. అక్కడ పనిచేసే యువతి నవ్వి, అది క్రూరత్వం కాదనీ, వీధిపిల్లికి సంతానం కలుగకుండ శస్త్రచికిత్స చేసినపుడు, మరల పొరపాటున పట్టి కోయకుండ ఉండేందుకు, మత్తులో ఉండగానే గుర్తుగా చెవి కొన తీస్తారనీ వివరించింది. పిల్లి సుమారు రెండు నెలలు మోసి, ఏడాదికి రెండు మూడు మార్లు ఈనగలదు. ఆ లెక్క తెలిసినవారికి ఆ చెవి కొనను గురించి విచారం కలుగదు.

ఇక దరఖాస్తు. ఉద్యోగం కొరకు కూడ నేనన్ని ప్రశ్నలకు జవాబివ్వలేదు. ఇల్లు సొంతమా అద్దెదా, ఊరికి పోతే ఎవరు చూస్తారు, టీకాలు వేయిస్తారా — ఇవన్నీ చకచక నింపాను. ఆరవ ప్రశ్న వద్ద కలం ఆగిపోయింది. ఇంతకుమునుపు పిల్లి ఉండేదా, ఉంటే దానికేమైంది అని ఆ ప్రశ్న.

1996 లో నంద్యాలలో మా ఇంటి వెనుక కట్టెల కొట్టంలో ఒక పిల్లి నాలుగు పిల్లలను పెట్టింది. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. తల్లిపిల్లి పాలగిన్నెలు దొర్లిస్తున్నదని విసిగి, దాదీమా ఆ పిల్లలను గోనెసంచిలో వేసి, కుందూ నది అవతల విడిచిరమ్మని నన్ను పంపింది. నేను వెళ్ళాను. మాంసపు అంగళ్ళ దరిదాపుల్లో విడిస్తే తిండి దొరుకుతుందనుకొన్నాను. వాటికింకా కళ్ళైనా తెరవలేదన్న సంగతి నా బుద్ధికి తట్టలేదు. తల్లిపిల్లి మూడు రాత్రులు ఇంటి చుట్టూ అరుస్తూ తిరిగింది. నాలుగవ రాత్రి అరవలేదు.

పిల్లిని కట్టివేసి, తాను తిండిపెట్టక, దాని తిండి దానిని వెదకుకొననీయక చంపినందుకు నరకశిక్షకు గురియైన స్త్రీ వృత్తాంతం బుఖారీ, ముస్లిం హదీసు సంకలనాలు రెండింటిలోను ఉన్నది. విచిత్రమేమిటంటే, దానిని నాకు మొదట చెప్పినది దాదీమాయే. “మేము కట్టివేయలేదు కదా, వదిలిపెట్టాము” అని నాకు నేనే ఒక ఫత్వా ఇచ్చుకొన్నాను. తొమ్మిదేళ్ళ ముఫ్తీని! ఆకలిదప్పులతో బాధపడే పరిస్థితిలో ప్రాణిని విడిచివేయడాన్ని కూడ 1960 నాటి జంతు హింసా నిరోధక చట్టం నేరంగానే పరిగణిస్తుందని చాలకాలం తరువాత చదివాను.

లేదని వ్రాస్తే సరిపోయేది. అది పూర్తిగా అబద్ధమూ కాదు. ఆ పిల్లిని మేము పెంచలేదు, అదే వచ్చి చేరింది. కాని మా అమ్మాయి నా భుజంమీదుగా చూస్తున్నది. జరిగినది జరిగినట్లు వ్రాశాను. ఆ యువతి, మన విద్యార్థినుల వయసే ఉంటుంది, చదివి, “ఎన్ని పిల్లలు సార్?” అని మాత్రం అడిగింది. “నాలుగు” అన్నాను. కాగితం ఫైలులో పెట్టి, కబురు చేస్తామన్నది. జవాబుపత్రాలు దిద్దడమే తెలిసిన నాకు, ఫలితం కొరకు ఎదురుచూచేవాని అవస్థ తొమ్మిది దినాలపాటు చక్కగా బోధపడింది. చివరకు ఒకరు వచ్చి, ఇల్లు చూచి, బాల్కనీకి వల బిగించాలన్న షరతుమీద అంగీకరించారు.

మా అమ్మాయి దానికి మిస్కీన్ అని పేరు పెట్టింది. మొదటి ఐదు దినాలు అది మంచం క్రిందనుండి కదలలేదు. మచ్చిక చేసుకొందామని నేను గిన్నెడు పాలు పెట్టబోగా, శరణాలయం వారిచ్చిన సూచనల కాగితం వద్దన్నది. పెరిగిన పిల్లులలో చాలవాటికి పాలు సరిగా అరగవట! కళ్ళు మూసుకొని పాలు త్రాగే పిల్లి మొదలు తెనాలి రామకృష్ణుని పిల్లి వరకు మన సామెతలు, కథలు పాలగిన్నె చుట్టే తిరుగుతుండగా, ఈ మాట ఒక తెలుగు అధ్యాపకునికి కొంత కష్టంగానే తోచింది.

మా అమ్మీ అభ్యంతరం వేరు. పిల్లి తిరిగిన చోట వుజూ నీళ్ళు పెట్టుకొనవచ్చునా, జానమాజ్ మీద అది కూర్చుంటే ఎట్లా అని. హజ్రత్ అబూ ఖతాదా ఉదంతం చెప్పాను. ఆయన వుజూ కొరకు కోడలు పోసి ఉంచిన నీటిని పిల్లి త్రాగవస్తే, ఆయన పాత్రను దానివైపు వంచారు. కోడలు ఆశ్చర్యంతో చూడగా, పిల్లి అపవిత్రం కాదనీ, మన మధ్య తిరుగాడే వాటిలోనిదనీ ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం వారు సెలవిచ్చినట్లు తెలిపారు. అమ్మీ విని ఔననలేదు, కాదనలేదు. కాని తరువాతి వారం ఒకనాడు ఫజర్ వేళ లేచి చూస్తే, జానమాజ్ ఒక అంచున అమ్మీ, మరొక అంచున మిస్కీన్.

నమాజు ముగిసిన తరువాత, ఆరవ ప్రశ్న సంగతి అమ్మీకి చెప్పాను. ఆమె కొంతసేపు మాట్లాడలేదు.

“మీ దాదీ మరునాడే లోటాలో పాలు పోసుకొని ఏటి అవతలికి పోయిందిరా. నీకు చెప్పవద్దన్నది” అన్నది.

దొరికాయా అని నేనడుగలేదు. అమ్మీ తస్బీహ్ చేతిలోకి తీసుకొన్నది. మిస్కీన్ లేచి, ఒళ్ళు విరుచుకొని, వంటగది వైపు నడిచింది.